శునకమునకు ఇంటివంట

హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ టోకు అంగళ్లలోను, పొరుగుననున్న బేగంబజారులోను వెచ్చములు కొనునప్పుడు, పెంపుడు కుక్కకు గూడ ఏదైన వండి పెట్టుదమను తలంపు గృహస్థులకు కలుగుట సహజమే గాని, మనకు హితమైనదెల్ల దానికి హితము గాదు.

ఎముకలు తీసిన కోడిమాంసమును ఉప్పు, కారము, మసాలాలు వేయక నీళ్లలో ఉడికించి, మెత్తని అన్నమును, ఉడికిన గుమ్మడిముక్కలను చేర్చి మెదిపి, చల్లారిన పిమ్మట నిత్యాహారమునకు తోడుగా కొంచెము పెట్టవచ్చును. ఈ తోడు దినమున కుక్కకు వలయు కెలోరీలలో 10 శాతమును మించరాదు. ఏలయన మాంసమున భాస్వరము మెండు, కాల్షియము మిక్కిలి తక్కువ యగుటచే, ఇదియే ముఖ్యాహారమైనచో, విశేషించి ఎదుగుచున్న కూనలకు, ఎముకలు బలహీనపడును.

ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనను, వేయించినవైనను, పొడిచేసినవైనను, శునకముల ఎర్ర రక్తకణములను నశింపజేసి రక్తహీనత కలిగించును. ద్రాక్షయు, కిస్‌మిస్సును మూత్రపిండములను చెరచును. ఉడికిన ఎముకలు పెళుసై చీలి ప్రేవులను గాయపరచును. కావున మిగిలిన బిర్యానీని ఎముకలతో గూడ కుక్క పళ్లెములో కుమ్మరించుట ప్రేమ గాదు. పొరపాటున కిస్‌మిస్ తిన్నచో, లక్షణములు కనబడువరకు వేచియుండక, తక్షణమే పశువైద్యునికి చూపవలయును.