కాల్చమంటే కాల్చని కెప్టెన్: సైలస్ సోల్

పై ఆఫీసర్ కాల్చమన్నాడు. ఎదురుగా ఉన్నది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఒంటి మీద యూనిఫాం ఉంది. మీరైతే ఏం చేస్తారు? ఈ పరిస్థితి 26 ఏళ్ల సైలస్ సోల్‌కి నిజంగానే వచ్చింది. అమెరికాలో ఫస్ట్ కొలరాడో కావల్రీ, అంటే గుర్రపు దళంలో కెప్టెన్ అతను.

సోల్ 1838లో మెయిన్ రాష్ట్రంలో పుట్టాడు. బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించే కుటుంబం. కాన్సస్‌కి మారాక, పారిపోయి వచ్చిన బానిసలకి సాయం చేసేవాళ్లు. తర్వాత సోల్ బంగారం వెతుక్కుంటూ కొలరాడో వెళ్లి, సివిల్ వార్ మొదలయ్యాక సైన్యంలో చేరాడు. అక్కడ అతని పై ఆఫీసర్ జాన్ చివింగ్టన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

1864 నవంబర్ 29, తెల్లవారుజాము. శాండ్ క్రీక్ వాగు పక్కన షయాన్, అరపాహో తెగల గుడారాలు. వీళ్లు అప్పటికే శాంతి కోరుకున్నవాళ్లు. చీఫ్ బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా, దాంతోపాటు తెల్లజెండా కూడా ఎగరేశాడు. అయినా కల్నల్ చివింగ్టన్ సుమారు 675 మంది సైనికులతో విరుచుకుపడ్డాడు. దాదాపు 230 మంది చనిపోయారు. సోల్ మాత్రం తన కంపెనీకి ఫైరింగ్ ఆర్డర్ ఇవ్వలేదు. లెఫ్టినెంట్ జోసెఫ్ క్రేమర్ కూడా అంతే.

ఇక్కడితో ఆగిపోతే ఈ కథ మనదాకా వచ్చేది కాదేమో. ఎందుకంటే డెన్వర్‌లో జనం దీన్ని గొప్ప విజయం అని పండగ చేసుకున్నారు. సోల్ చూసిందంతా మేజర్ వింకూప్‌కి లెటర్ రాశాడు. 1865 ఫిబ్రవరిలో విచారణకి వెళ్లి సాక్ష్యం చెప్పాడు. ఏప్రిల్ 1న పెళ్లి చేసుకున్నాడు. ఏప్రిల్ 23 రాత్రి డెన్వర్ వీధిలో డ్యూటీలో ఉండగా కాల్చి చంపేశారు. పెళ్లయి నెల కూడా కాలేదు!

చంపినవాడికి శిక్ష పడలేదు. చివింగ్టన్ అప్పటికే సైన్యం వదిలేశాడు కాబట్టి అతనికీ పడలేదు. మరి సోల్ సాధించిందేంటి?

2000లో ఆ లెటర్లు మళ్లీ బయటికొచ్చి అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లాయి. ఆ చోటుని కాపాడటానికి అదే ఏడాది చట్టం వచ్చింది. ఇవాళ ఆ స్థలం అధికారిక పేరులోనే ‘మాసకర్’, అంటే ఊచకోత, అనే మాట ఉంది. ఒకప్పుడు యుద్ధం అని చెప్పుకున్నదాన్ని ఇప్పుడు ప్రభుత్వమే ఊచకోత అంటోంది. షయాన్, అరపాహో వాళ్లు ఇప్పటికీ అతని సమాధి దగ్గరకొచ్చి గౌరవిస్తారు.

సోల్ ఆ ఉదయం ఊచకోతని ఆపలేకపోయాడు. కానీ దాన్ని అబద్ధంగా మిగలనివ్వలేదు.