అండాశయపు గడ్డలో మెదడు కణాలు

(రాయపోల్‌లో దంపతులకు ఇచ్చిన ప్రసంగం)



పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంటే కడుపులో గడ్డ లేస్తుందని కొందరు భయపడుతున్నారు. అందుకే ఈ రోజు ఆ గడ్డ సంగతే చెబుతాను.

గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. అండం వీర్యకణంతో కలిస్తేనే బిడ్డ. ఒక్కోసారి అండం కావలసిన కణం ఎవరి ప్రమేయమూ లేకుండా తనంతట తానే పెరగసాగుతుంది. అది బిడ్డ కాదు, గడ్డ అవుతుంది. కోసి చూస్తే వెంట్రుకలు, కొవ్వు, పళ్లు, ఒక్కోసారి మెదడు కణాలు కూడా ఉంటాయి. డాక్టర్లు టెరటోమా అంటారు. ఎక్కువగా కనిపించే రకానికి డెర్మాయిడ్ అని పేరు.

వెంట్రుకలు చూసి "ఎవరో బాణామతి చేసిండ్రు" అనడం, పొట్ట పెరిగిందని ఆడపిల్లను అనుమానించడం రెండూ అన్యాయమే. పెళ్లికాని పిల్లకూ వస్తుంది, నలుగురు బిడ్డల తల్లికీ వస్తుంది. ట్యూబెక్టమీలో కట్టేది నాళాలను మాత్రమే. అండాశయం ఉన్నచోటనే ఉంటుంది. గడ్డకూ ఆ ఆపరేషన్‌కూ సంబంధం లేదు.

ఈ గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కానివే. ఎక్కడో అరుదుగా, లోపలి మెదడు కణాల నుంచి తలలో వచ్చే రకం కణితి, గ్లయోమా వంటిది, పొత్తికడుపులోనే పుడుతుంది. చిన్న వయసు వాళ్లలో కొన్ని గడ్డల్లో మెదడు కణాలు ఇంకా ముదరకుండా ఉంటాయి. అవి త్వరగా పెరుగుతాయి, పాకుతాయి కూడా. ఏది ఏదో పైకి చూసి తేల్చలేరు. తీసిన గడ్డను మైక్రోస్కోపు కింద పరీక్షించాలి. "గడ్డ తీసేసిండ్రు గద, ఇంక రిపోర్టు ఎందుకు?" అనకండి. ఇంతటితో సరా, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పోయి మందు ఎక్కించుకోవాలా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

ఇంకొకటి. మామూలు గడ్డే అయినా, అందులోని మెదడు కణాలను శత్రువులనుకొని ఎదిరించే శరీరం పొరబాటున తలలోని అసలు మెదడునూ దెబ్బతీయవచ్చు. 2007లో అమెరికాలో డాక్టర్ జోసెప్ దాల్మావ్ బృందం ఇలాంటి 12 మంది స్త్రీల గురించి రాసింది. నిన్నటిదాకా బాగున్న మనిషి పిచ్చిగా మాట్లాడుతుంది, నిద్రపోదు, ఫిట్స్ వస్తాయి. మన ఊళ్లల్లో దయ్యం పట్టిందంటారు. భూతవైద్యుని దగ్గర గడిపే ప్రతి రోజూ నష్టమే. గడ్డ తీసి, మందులు ఇస్తే చాలామంది కోలుకుంటారు.

ముట్టు సరిగ్గా వస్తున్నా పొట్ట పెరుగుతుంటే, ఒక పక్క బరువుగా ఉంటే, గజ్వేల్ గానీ సిద్దిపేట గానీ పోయి స్కానింగు చేయించండి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగకండి. గడ్డ మెలిపడి ఉండవచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకునే వాళ్లు ఆపరేషన్‌కు ముందే ఆ మాట డాక్టరుతో చెప్పాలి. ఒక అండాశయం తీసేసినా రెండోది బాగుంటే కాన్పులు అవుతాయి.

అన్నలారా, రిపోర్టు తెచ్చే పని మీది. అప్పటికి ఆమె కుట్లతో మంచం మీద ఉంటుంది.