పచ్చ అనగా ఏ పచ్చ?

(తిరుత్తణిలో సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను చీరల వర్తకుడను. నా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. కంప్యూటరును గూర్చి నేను మాటలాడుట సాహసమే. అయినను నాకు కలిగిన ఒక నష్టము నన్నీ వేదిక నెక్కించినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పెండ్లివారికై పండ్రెండు పచ్చచీరలు కావలెనని మగ్గముల యజమాని యొకరికి ఫోనులో చెప్పితిని. నా మనస్సులో నున్నది పసుపుపచ్చ. ఆయన మాతృభాష తమిళము; వారికి 'పచ్చై' యనిన ఆకుపచ్చయే. పండ్రెండు చీరలును ఆకుపచ్చగా వచ్చినవి. ముహూర్తమునకు నాలుగు దినములే గడువు. కాంచీపురమునకు పరుగెత్తి, అధిక ధరకు వేరు చీరలు తెచ్చి మాట దక్కించుకొంటిని.

తప్పు ఆయనది కాదు. మన పచ్చకామెర్లను తమిళులు 'మంజళ్ కామాలై' యందురు. అందలి పచ్చ పసుపు. మరకతమును గూడ మనము పచ్చ యనియే అందుము, అది ఆకుపచ్చ. మన మాటలోనే రెండు రంగులున్నవి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి నాటి మదరాసు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినను ఇరుభాషల బేరము మారలేదు.

కంప్యూటరునకు రంగనగా మూడంకెలు. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము కాంతులలో ఒక్కొక్కటి 0 మొదలు 255 వఱకు ఉండును. ఈ లెక్కను 1,67,77,216 రంగు లేర్పడును. 255, 255, 0 అనిన పసుపు. 0, 128, 0 అనిన ఆకుపచ్చ. వెబ్ పుటల ప్రమాణములో రంగులకు 148 పేర్లు గలవు. అన్నియు ఆంగ్లమున నున్నవే.

కోడ్ లైబ్రరీ యనగా ఒకమారు వ్రాసి పెక్కు ప్రోగ్రాములలో వాడుకొను పనిముట్టు. అంగడిలో గజపుబద్ద వంటిది. ప్రతి వర్తకుడు తన గజమును తానే చెక్కుకొన నక్కఱలేదు. మన యువకులు తెలుగు రంగుల పేర్లతో అట్టిదానిని వ్రాయ నుద్దేశించిరి. పేరు చెప్పిన అంకెల నీయవలెను; అంకెలు చెప్పిన దగ్గఱి పేరు చెప్పవలెను; లేత చేయుమనిన లేత చేయవలెను.

నేను కోరినది మఱియొకటి. 'పచ్చ' అనినప్పుడు అది తానే ఊహించి యొక రంగు నీయరాదు, 'ఏ పచ్చ?' అని తిరిగి యడుగవలెను. ఆనాడు ఆయన అడుగనిది, నేను చెప్పనిది అదియే.

తెరమీది రంగు నూలుమీద అచ్చముగా రాదు. కనుక నమూనాపోగు చూచుట మానరాదు.

చిలుకపచ్చ, వంగపండు, నెమలికంఠము, ఉల్లిపొర: ఈ పేర్లు మన పెద్దల నోట నున్నవి. పిల్లల నోట 'గ్రీన్', 'పర్పుల్' మాత్రమే మిగులుచున్నవి. పనిముట్టులోనికి ఎక్కని పేరు వాడుకనుండి జారిపోవును.

కావున వచ్చు సమావేశమునకు ఇంటికి పది రంగుల పేర్లు, ప్రతి పేరునకు ఒక గుడ్డముక్కయు తెండు. ప్రక్కన తమిళ నామమును గూడ వ్రాయుడు. బేరము ఇరువురిది గదా!

సెలవు.