పాత లాక్ పనిచేస్తుండగానే



సాహిత్య సభలో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల ప్రస్తావన ఎందుకని పొద్దున ఇద్దరు ముగ్గురు అడిగారు. మన 1957 కాపీరైటు చట్టం తెరిచి చూడండి. సాహిత్య రచన అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే కంప్యూటర్ ప్రోగ్రాము కూడా ఉంది. కథ, కవిత, వ్యాసం ఏ గూట్లో ఉన్నాయో, వాటిని టైపు చేసే ప్రోగ్రామూ అదే గూట్లో ఉంది. నా పుస్తకాన్ని అడగకుండా అచ్చేస్తే నేను ఊరుకోను. మరి ఇంకొకరు రాసిన ప్రోగ్రామును దొంగ కాపీగా ఎక్కించుకొని, అందులో నా పుస్తకాన్ని టైపు చేయించడం న్యాయమా? తెలిసి వాడితే 63బి సెక్షన్ మూడేండ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా అంటుంది. నన్ను కదిలించింది ఆ శిక్ష మాత్రం కాదు.

ఇరవై ఏండ్ల కింద నా కథల సంపుటిని ఒక డీటీపీ సెంటర్లో కొన్న ఫాంటుతోనే టైపు చేయించాను. ఆ ఫాంటు పనిచేయాలంటే కంప్యూటర్ వెనుక ప్రింటర్ పోర్టుకు వేలెడంత లాక్ తగిలించాలి. లాక్ పాడైంది. అమ్మినవాళ్ల జాడ లేదు. ఫైలు మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది. మొన్న తెరిస్తే పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న అక్షరాలు. మా అమ్మకిచ్చిన అంకితం రెండు పంక్తులు కూడా చదవలేకపోయాను. ఏ వెర్షన్ కొన్నామో, బిల్లు ఎవరి దగ్గర ఉందో మేమెవరమూ రాసిపెట్టుకోలేదు.

ఆ రోజుల్లో ఒక్కో కంపెనీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను తనకు తోచిన వరుసలో పెట్టుకుంది. ఫాంటు పోతే పాఠం పోయినట్టే. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు సొంత స్థానాలు దక్కాయి కానీ, అవి మన అచ్చు పనిలోకి దిగడానికి చాలా కాలం పట్టింది.

వాటిని అచ్చు పనిలోకి దించినవాళ్లను తలుచుకోవాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 ఫాంట్లు చేసి అందరికీ ఇచ్చారు. సిలికానాంధ్ర గిడుగు, సురవరం, గురజాడ, పెద్దన, తిమ్మన పేర్లతో ఫాంట్లు తెచ్చి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేసింది. ఆ లైసెన్సు చదివితే మనసుకు హాయిగా ఉంటుంది. ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, పుస్తకం అచ్చువేసి అమ్ముకోవచ్చు, అక్షరాన్ని సవరించుకోవచ్చు. ఫాంటును ఒంటిగా అమ్మకూడదు. సవరించి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. మూలకర్త ఫాంటు పేరును ప్రత్యేకించుకుంటే, మార్చినదానికి ఆ పేరు పెట్టకూడదు. ఉచితం కదా అని ఈ షరతులు చదవకుండా వాడేవాళ్లే ఎక్కువ. నాకు బాధ కలిగించేది అదే.

హైదరాబాదు ఆఫీసుల్లో మన పిల్లలు ఎందరో లైసెన్సుల లెక్క చూడటమే వృత్తిగా చేసుకున్నారు. ఎన్ని లైసెన్సులు కొన్నాం, ఎన్ని కంప్యూటర్లలో ఎక్కించాం, నిజంగా ఎందరు వాడుతున్నారు? ఈ మూడు లెక్కలూ సరిపోల్చడమే వాళ్ల పని. దానికి 2006లో ఐఎస్‌వో 19770 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఏ ప్రోగ్రాములో ఏ లైసెన్సు ఉందో ఒకే తీరు పొట్టి పేర్లతో రాసే ఎస్‌పీడీఎక్స్ పద్ధతికి 2021లో ఐఎస్‌వో గుర్తింపు దక్కింది. ఒకరి అనుభవం ఇంకొకరికి అందుతూ ఆ వృత్తి ఇంత దూరం వచ్చింది. రెండు కంప్యూటర్ల డీటీపీ సెంటరుకు అంత హంగు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు చాలు.

నోటుబుక్కు కూడా లేకుండా లెక్క నిలిపినవాళ్లు ఈ జహీరాబాదు పక్కనే ఉన్నారు. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు విత్తనాలకు బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో పోసి, మట్టితో అలికి మూస్తారు. ఏ బుట్టలో ఏ జొన్న ఉందో, ఎవరు తీసుకున్నారో, ఎంత ఎక్కువ కొలిచి తిరిగివ్వాలో వాళ్లకు నోటికి వచ్చు. తీసుకో, విత్తుకో, పంచు, తిరిగివ్వు. ఓపెన్ లైసెన్సు షరతులు మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ బుట్టలే గుర్తొచ్చాయి. రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికీ పంచుకోవడానికీ 2001 నాటి రైతు హక్కుల చట్టం హక్కు ఇచ్చింది, బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదంది. అక్కడా పేరు దగ్గరే గీత గీశారు.

సభ ద్వారం దగ్గర బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించాను. మీ సెంటర్లో ఉన్న ఫాంట్ల పేర్లు, వెర్షన్, కొన్న తేదీ, బిల్లు నెంబరు, ఎన్ని కంప్యూటర్లకు అనుమతి ఉందో రాయండి. రచయితలు తమ పుస్తకం ఏ ఫాంటులో ఉందో రాయండి. మీలో ఎవరి దగ్గరైనా పాత లాక్ ఇంకా పనిచేస్తుంటే ఆ సంగతి తప్పకుండా రాయండి. ఆ ఫాంటులో చిక్కుకున్న పుస్తకం ఈ సభలోనే ఇంకొకరిది ఉండొచ్చు. లాక్ ఉన్నవారినీ ఫైలు ఉన్నవారినీ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకచోట కూర్చోబెట్టే పని నాది.