పటము కథ



మొన్న మాఘమాసమున మా తమ్ముని కొడుకు అమెరికానుండి సకుటుంబముగా వచ్చి, జూబిలీహిల్సులో బంధువుల యింట దిగెను. పదునైదేండ్ల కుఱ్ఱవానికి చూపవలసినది ఫిలింనగరమని అందఱు ననిరి. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిరి. మదరాసున నుండిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగా ఈ రాతిగుట్టలకు తరలివచ్చినది. మేమును పోయి చూచితిమి. ప్రహరీగోడలుదక్క మాకేమియు కనబడలేదు. పిమ్మట దాపుననున్న మాదాపూరులోని శిల్పారామమునకు పోయితిమి. 1992లో స్థాపింపబడిన చేతిపనుల సంత యది.

నిర్మలు బొమ్మలు, పెంబర్తి ఇత్తడిపని, పోచంపల్లి చీరలు చూచుచు నడచుచుండగా, కుఱ్ఱవాడు చేర్యాల పటముల కొట్టుముందర నిలిచిపోయెను. ఎఱ్ఱని నేలమీద పులినెక్కిన ఋషి.

“తాతా, ఈయన యెవరు?”

“భావనాఋషి, నాయనా. మార్కండేయుని యజ్ఞమున పుట్టి, తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసినవాడు. మన పద్మశాలీలకు మూలపురుషుడు” అంటిని.

డెబ్బది దాటినవారికి జ్ఞాపకముండును. కూనపులివారు మన వాడలో దిగి, గుంజలు పాతి, మూడడుగుల వెడల్పును, నలువదియడుగులకు మించిన పొడవును గల పటమును వ్రేలగట్టెడివారు. ఒక్కొక్క బొమ్మను కఱ్ఱతో చూపుచు రాత్రులు మార్కండేయపురాణము చెప్పెడివారు. చుట్ట విప్పినకొలది కథ నడచును. సినిమా రీలునకు ఇది అన్నగారు.

మా తమ్ముని కొడుకు సగము ధరకడిగెను. పనివాడు కోపింపలేదు. “గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూయవలెను. ఒక పూత ఆరినగాని రెండవది వేయరాదు. ఆ ఆరుటకు తమరే వెలకట్టుడు” అనెను.

“నిండు పటము వ్రాయుదువా?” అని నేనడిగితిని.

“కథ చెప్పువారు వ్రాయించుకొన్నగదా, అయ్యా! ఇప్పుడు గోడకు పట్టునంతయే కొనుచున్నారు.”

ఆ మాట నాకు ములుకువలె నాటెను. మా యూరికి టూరింగు టాకీసు వచ్చిన యేడు కూనపులివారును వచ్చిరి. వారికి గింజలు కొలిచి యీయవలసిన వారము మేమే. ఆ రాత్రి నేను టిక్కెట్టు కొని డేరాలో కూర్చుంటిని. వాడలోని పడుచువారందఱును అక్కడనే యుండిరి. పటము నెదుట మా నాయనయు, మఱి నలుగురు ముసలివారును మాత్రమే కూర్చుండిరట. మఱునాడు వారు పటము చుట్టుకొని వెడలిపోయిరి. మరల మా యూరికి రాలేదు.

చెప్పిన ధర యిచ్చి ఆ బొమ్మను కొంటిమి. ఇప్పుడది అమెరికాలో కుఱ్ఱవాని గదిలో నున్నది. ఆదివారము ఫోను చేసి, “తరువాత నేమైనది, తాతా?” అని యడుగును. సూర్యుని కూతురు భద్రావతితో వివాహము వఱకు చెప్పితిని. ఆపైన నాకు వరుస తప్పినది. కూనపులివారి జాడ చేర్యాలలో ఎవరికైన తెలియునేమో యని, వచ్చు గురువారము బస్సులో బయలుదేరుచున్నాను.