హాజరు పలికిన రౌటరు

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీ ఉద్యోగం గురించి కాసేపు మాట్లాడు. మాకెవరికీ అర్థం కాదనుకో, అయినా మాట్లాడు" అన్నారు. నేను ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నది నెట్‌వర్క్ ఇంజనీరు పని. మా అమ్మ అడిగితే "కంప్యూటర్ల మధ్య వైర్లు చూస్తుంటానమ్మా" అని చెప్పాను. ఆవిడ చుట్టాలందరికీ మావాడిది కరెంటు పని అని చెప్పింది. ఇప్పటికీ ఊరెళితే ఒకరిద్దరు ఫ్యాను తిరగడం లేదని పిలుస్తారు.

ఆ పనిలో ఒక్క ముక్కే ఈరోజు చెబుతాను. దానికి ముందు మీరంతా ఒకసారి తొమ్మిదో తరగతికి రావాలి. మన లెక్కల మాస్టారు హాజరు ఎలా పిలిచేవారో గుర్తుందా? తల ఎత్తకుండా నంబర్లు చదువుకుంటూ పోయేవారు. ఇరవై ఏడు అనగానే ఎక్కడినుంచో "ఎస్ సార్" అని వినపడేది. ఇరవై ఏడో నంబరువాడు ఆ టైముకి చెరువు గట్టు మీద ఉండేవాడు. అయినా రిజిస్టరులో హాజరే. మాస్టారు నవ్వుతున్నారు కాబట్టి, ఆయనకు అప్పుడే తెలుసేమో అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

ఇంటర్నెట్ కూడా తల ఎత్తకుండానే హాజరు వేసుకుంటుంది. దానికి హెడ్డాఫీసంటూ లేదు. వేల నెట్‌వర్కులు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒక్కో నెట్‌వర్కు అంచున ఉన్న రౌటరు పక్క నెట్‌వర్కు రౌటరుతో "ఫలానా చిరునామాలకు దారి నా దగ్గరుంది" అని చెబుతుంది. అది తన పక్కవాళ్లకు చెబుతుంది. అలా పాకిన మాటను పట్టుకునే మీ ఫోనులోంచి బయల్దేరిన సమాచారం గమ్యానికి చేరుతుంది. దీన్ని రూట్ అనౌన్స్‌మెంట్ అంటాం. ఈ మాటలు చెప్పుకునే భాష పేరు బీజీపీ. 1989 జనవరిలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో జరిగిన ఒక సమావేశానికి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు, సిస్కో నుంచి కర్క్ లౌహీడ్, ఐబీఎం నుంచి యాకోవ్ రెఖ్టర్, భోజనాల దగ్గర పేపర్ నేప్‌కిన్ల మీద గీసుకున్న లెక్క ఇది. పొరుగువాడు అబద్ధం చెప్పడన్న నమ్మకం మీద కట్టారు. అప్పట్లో పొరుగువాళ్లు కొద్దిమందే.

ఆ నమ్మకం ఎలా బెడిసికొడుతుందో 2008 ఫిబ్రవరి 24న లోకమంతా చూసింది. పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ను ఆపేయమంది. పాకిస్తాన్ టెలికాం వాళ్లు దేశం లోపల ఆపడానికి యూట్యూబ్ చిరునామాలు తమ దగ్గరే ఉన్నాయని ఒక ప్రకటన పెట్టుకున్నారు. అది పొరపాటున బయటికి పొక్కింది. వాళ్లకు బయటి ప్రపంచంతో కనెక్షన్ ఇచ్చే పై సంస్థ సరిచూడకుండా దాన్ని అందరికీ అందించింది. యూట్యూబ్ 1024 చిరునామాల్ని కలిపి ఒకే ప్రకటనగా ఇస్తోంది. పాకిస్తాన్ నుంచి వచ్చింది అందులోని 256 చిరునామాలకే. రౌటర్లకు చిన్న ముక్కే ముద్దు. జంక్షన్‌లో విజయవాడ అని ఒక బోర్డు, మన ఊరి పేరుతో ఇంకో బోర్డు ఉంటే, మన ఊరు రావాల్సినవాడు దేన్ని చూస్తాడు? అంతే. యూట్యూబ్ కోసం బయల్దేరినవన్నీ పాకిస్తాన్ పోయి ఆగిపోయాయి. యూట్యూబ్ వాళ్లు అదే 256ని, తర్వాత దాన్ని రెండు 128లుగా విడగొట్టి మరీ ప్రకటించుకోవాల్సి వచ్చింది. మొత్తం సర్దుకునేసరికి రెండు గంటలు దాటింది.

ఆ వార్త చదివి నేను పగలబడి నవ్వాను. ఆ మరుసటి వేసవిలో నా వంతు వచ్చింది.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ నెట్‌వర్కు నా చేతిలో ఉండేది. మా కస్టమర్లలో ఒకరి సైట్లో ఆ రోజు 11 గంటలకు పరీక్ష ఫలితాలు వచ్చాయి. మాకు రెండు బిల్డింగులు, ఒక్కోదాంట్లో ఒక రౌటరు, ఒక్కోదానికి వేరే కంపెనీ ఇంటర్నెట్ లైను. సర్వర్లన్నీ మొదటి బిల్డింగులో ఉండేవి. రెండు బిల్డింగుల మధ్య ఒకటే ఫైబరు. ఒక లైను పోయినా రెండోది ఉంటుందని మా ధైర్యం.

పన్నెండింటికి మా మేనకోడలు జిల్లా కేంద్రంలోని నెట్ సెంటర్ నుంచి ఫోన్ చేసింది. "మావయ్యా, రిజల్ట్స్ పేజీ రావట్లేదు" అంది. నా ఎదురుగా కంప్యూటర్లో చక్కగా వస్తోంది. "మీ నెట్ సెంటర్ లైను బాలేదేమో, ఇంకో చోట చూడమ్మా" అని పెట్టేశాను. అరగంటలో అలాంటి ఫోన్లు నలభై వచ్చాయి. కొందరికి వస్తోంది, కొందరికి రావట్లేదు. మా వృత్తిలో అన్నిటికంటే చెడ్డ జబ్బు ఇదే. పూర్తిగా పడిపోతే వెతకడం తేలిక.

మూడు నెలల క్రితం చేరిన ఒక కుర్రాడు ఆ ఉదయమే రెండో రౌటరులో ఒక ఫిల్టరు మార్చాడు. ఇంకేం, దొంగ దొరికాడు. "ఏం చేశావయ్యా?" అని గట్టిగా అరిచాను. గదిలో ఎనిమిది మంది ఉన్నారు. "సార్, అన్నీ చూశాను సార్. పొరుగు రౌటరుతో సంబంధం బాగానే ఉంది. మన ప్రకటన వెళుతోంది సార్" అన్నాడు. "వెళితే జనానికెందుకు రావట్లేదు?" అని ఇంకా అరిచి, వాడు చేసిన మార్పు వెనక్కి తీయించాను. అరగంట వృథా. ఏమీ మారలేదు.

అప్పుడు చేశాను, మొదటే చేయాల్సిన పని. మేం ఏం చెబుతున్నామో కాదు, బయటివాళ్లకు ఏం వినపడుతోందో చూడాలి. దానికోసం బయటివాళ్లు తమ రౌటర్లను ఎవరైనా చూసుకునేలా తెరిచి పెడతారు. అమెరికాలో ఆరెగన్ విశ్వవిద్యాలయం వాళ్ల రూట్ వ్యూస్ అలాంటిదే. అక్కడ చూస్తే మా చిరునామాలకు రెండు దారులూ కనిపిస్తున్నాయి. రెండో లైను మీదుగా వచ్చేవాళ్ల సమాచారం మా రెండో రౌటరు దాకా వచ్చి మాయమవుతోంది. మా మేనకోడలి నెట్ సెంటర్ ఆ దారిలోనే ఉంది. మా ఆఫీసు కంప్యూటర్లు మొదటి రౌటరు వెనకున్నాయి కాబట్టి మాకు అంతా బాగానే కనిపిస్తోంది.

రెండో రౌటరులోకి వెళ్లి రూట్ల పట్టిక తెరిచాను. మొదటి బిల్డింగు నుంచి రావాల్సిన నాలుగు చిన్న రూట్లూ లేవు. 11.20కి రోడ్డు తవ్వేవాళ్లు మధ్య ఫైబరు తెంపేశారని తర్వాత తెలిసింది. అలారం మోగింది, ఫలితాల హడావుడిలో ఎవరూ చూడలేదు. సర్వర్లకు దారి లేని రౌటరు ప్రకటన ఆపేయాలి కదా? ఆపలేదు. పట్టికలో ఒక రూటు మిగిలి ఉంది. మా 1024 చిరునామాలూ నల్ జీరో వైపు అని. నల్ జీరో అంటే చెత్తబుట్ట. ఏది వచ్చినా పారేస్తుంది.

అది అక్కడెందుకుంది? ఏడాదిన్నర క్రితం ఆ రౌటరు పెట్టిన రాత్రి, ఎంత చెప్పినా అది మా చిరునామాలు ప్రకటించనంది. పట్టికలో 256 చొప్పున నాలుగు ముక్కలున్నాయి. మేం ప్రకటించమన్నది 1024 మొత్తాన్ని. సరిగ్గా అదే కొలత రూటు పట్టికలో లేకపోతే రౌటరు నోరు విప్పదు. అది దాని నిజాయితీ. రాత్రి రెండు గంటలకు ఆ నిజాయితీ మీద నాకు గౌరవం కలగలేదు. చెత్తబుట్ట వైపు 1024కి ఒక రూటు రాసి పడేశాను. పుస్తకాల్లో ఉన్న పద్ధతే అది, తప్పేమీ కాదు. చిన్న ముక్కలు ఉన్నంతకాలం రౌటరు వాటినే వాడుతుంది, చెత్తబుట్ట జోలికి పోదు. ముక్కలు పోయిన రోజున మాత్రం, ఇరవై ఏడో నంబరు వాడు చెరువు గట్టు మీదున్నా "ఎస్ సార్" అంటూనే ఉంటుంది. మార్పుల రిజిస్టరు తిప్పితే ఆ రూటు ఎదురుగా నా సంతకమే ఉంది.

రెండో లైనుతో బీజీపీ సంబంధం ఆపేశాను. నిమిషాల్లో అందరూ మొదటి దారికి మళ్లారు. అప్పటికి ఒంటిగంట దాటింది. మేనకోడలు రెండు నెట్ సెంటర్లు తిరిగి, చివరికి ఎవరో స్నేహితురాలి అన్నయ్య హైదరాబాద్‌లో చూసి చెబితే తెలుసుకుందట. పాసైంది కాబట్టి నన్ను క్షమించింది.

తర్వాత ఆ చెత్తబుట్ట రూటు తీసేసి, ముక్కల్లో ఒక్కటైనా ఉంటేనే మొత్తాన్ని ప్రకటించేలా రాశాం. బిల్డింగుల మధ్య వేరే వీధి గుండా రెండో ఫైబరు వేయించాం. అంతా చేశాక రౌటరు నిజమే చెబుతుందని సంతోషపడ్డాను గానీ, అందులోనూ చిక్కుంది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు పడిపోయింది కదా. డేటా సెంటర్లు అందకపోతే ప్రకటన ఆపేయాలని వాళ్ల నేమ్ సర్వర్లకు నేర్పారు, మంచి పద్ధతే. మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆదేశం లోపలి నెట్‌వర్కు మొత్తాన్నీ తెంపేసరికి, అన్నీ ఒకేసారి నిజాయితీగా గైర్హాజరు పలికాయి. ఫేస్‌బుక్ అనేది ఒకటుందని ఇంటర్నెట్‌కే తెలియకుండా పోయింది. అందుకే ఇలా రాస్తే చాలు అని ఎవరైనా చెబితే నాకు భయం.

ఆ కుర్రాడి సంగతి చెప్పలేదు. కారణం నాదేనని రిపోర్టులో రాశాను, పై అధికారికీ చెప్పాను. మర్నాడు కారిడార్లో ఎదురైతే, "నిన్న అనవసరంగా అరిచానయ్యా, ఏమీ అనుకోకు" అన్నాను. "పర్లేదు సార్" అన్నాడు. అరిచింది ఎనిమిది మంది ముందు. ఈ మాట అన్నప్పుడు కారిడార్లో మేమిద్దరమే. ఆ తేడా ఆ రోజు నాకు తట్టలేదు. మూడేళ్ల తర్వాత వాడు వేరే కంపెనీకి వెళుతూ, వీడ్కోలు టీ దగ్గర నవ్వుతూనే అన్నాడు, "సార్, ఆ గదిలో ఉన్నవాళ్లలో ముగ్గురు ఇప్పటికీ ఆ రోజు తప్పు నాదే అనుకుంటున్నారు." అప్పటికి ఆ ముగ్గురిలో ఇద్దరు కంపెనీలో లేరు. మూడోవాడికి చెప్పాను. మిగతా ఇద్దరికీ ఉత్తరం రాశాను. ఒకరి దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

మాస్టారు గడియారం చూస్తున్నారు. ఆఖరి మాట పిల్లలకు. మన కంప్యూటర్ ల్యాబ్‌కి రెండు పాత రౌటర్లు, కన్సోల్ కేబుళ్లు తెచ్చాను. సాయంత్రం నాలుగింటికి రండి. రెంటినీ కలిపి నల్ జీరో రూటు నేను రాస్తాను. మధ్యలో వైరు ఊడబీకే పని మీది. ఆ తర్వాత కూడా రౌటరు "ఎస్ సార్" అంటుందో లేదో కలిసి చూద్దాం.