ఖద్దరు గుడ్డకి కత్తెర పెట్టే ముందు

నేను మస్కట్‌లో టైలర్ని, మాది శ్రీకాకుళం జిల్లా. నాన్న పొందూరు ఖద్దరు పంపితే ఆత్రంగా చొక్కా కుట్టేశాను. మొదటి ఉతుక్కే బిగుసుకుపోయింది. తప్పు గుడ్డది కాదు, నాది.

చేనేతకి మిల్లు నూలు కూడా వాడతారు, ఖద్దరుకి నూలూ చేత్తో వడికిందే. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. ఈ గుడ్డ తడిస్తే కుదించుకుంటుంది. అందుకే రాత్రంతా నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. సన్న సూది వాడండి. అంచులు పోగులూడతాయి, అర అంగుళం వదిలి మడిచి కుట్టండి.

ఆ చొక్కా కుట్లు విప్పి మా పాపకి గౌను కుట్టాను. "వేసుకుని ఫొటో పెట్టరా" అని నాన్న అడుగుతూనే ఉన్నాడు. ఈ ఎపిసోడే పంపిస్తాను.